ఇండ్లిప్పించువారి పునరాలోచన గోష్ఠి



ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మన పెద్దలు చెప్పిన మాట మీ రెల్లరు నెరిగినదే. ఒక్క ఇల్లు కట్టించిన గృహస్థునకే ఇసుక, సిమెంటు, మేస్త్రి, అప్పు అను నాలుగు దిక్కుల చింతతో తల నెరయుచుండగా, నూరిండ్లకో ఇన్నూరిండ్లకో పూచీపడిన యువతి మాట యేమి? ఆమె పునాది కొలుచును. గోడలు లేచినపుడు ఫోటో తీయును. కప్పు పడినదని వ్రాయును. సొమ్ము రాలేదని యడుగువారికి సమాధానము చెప్పును. ఏల కట్టలేదని పేదరాలిని నిలదీయును. ఏల కట్టింపలేదని పైవారు నిలదీయగా తల వంచుకొనును. ఇల్లు పొందువారిని గూర్చి పత్రికలు వ్రాయుచునే యున్నవి. ఇల్లిప్పించువారి మనస్సును గూర్చి వ్రాయువారు మిక్కిలి అరుదు. ఈ నెల ఆ సంగతినే ముచ్చటింతము.

మన రాష్ట్రమున ఈ పని చిన్నది కాదు. రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడినది. 2006లో ఇందిరమ్మ పథకమును, 2015లో కేంద్ర ప్రభుత్వమువారి ప్రధానమంత్రి ఆవాస యోజనయు మొదలయ్యెను. 2019 అక్టోబరు 2వ తేదీని గ్రామ, వార్డు సచివాలయములు నెలకొల్పబడినవి. 2020 డిసెంబరు 25వ తేదీని 30 లక్షలకు పైగా ఇండ్ల స్థలముల పట్టాలను స్త్రీల పేరిట పంచు కార్యము ప్రారంభమైనది. అదే నెల 28వ తేదీని మన శ్రీకాళహస్తి చెంతనున్న ఊరందూరులో ఆ పంపకము జరిగినది. పల్లెలయందు సెంటున్నర, పట్టణములయందు సెంటు చొప్పున స్థలము. సెంటనగా 48 చదరపు గజములకు కొంచెము పైమాట. ఆ స్థలమున 340 చదరపు అడుగుల ఇల్లు. అందులకు నిర్ణయించిన సొమ్ము 1 లక్ష 80 వేల రూపాయలు. ప్రభుత్వములు మారును, పథకముల పేర్లును, స్థలముల కొలతలును మారును. పేదరాలి గడప యెదుట కాగితము పట్టుకొని నిలుచు ఉద్యోగిని పని మాత్రము మారదు.

ఈ ఉద్యోగినులకు సమావేశములు కొదువ లేదు. వారమునకొక సమీక్ష, నడుమ నడుమ టెలికాన్ఫరెన్సు, అప్పుడప్పుడు వీడియో సమావేశము. అందు అడుగునది యొక్కటే: ఎన్ని పునాదులు, ఎన్ని గోడలు, ఎన్ని కప్పులు? ఈ ప్రశ్న అక్కరలేనిదని నే ననను. ప్రజల ధనము వ్యయమగుచున్నపుడు లెక్క యడుగక తప్పదు. కాని లెక్కకు రాని సంగతులు కొన్ని కలవు. ముసలివగ్గు కంట నీరు పెట్టుకొన్నపుడు నేనేల విసుగుకొంటిని? ఆ యింటి మగవాడు గట్టిగా నరచినందున ఆయన బిల్లు ముందు వ్రాసితినా? నోరులేని విధవ బిల్లు వెనుక పడినదా? పట్టా రద్దగునని బెదరించి నేను కట్టించిన ఇల్లు ఆమెకు మేలు చేసినదా, వడ్డీవ్యాపారి చేతిలో పెట్టినదా? ఇట్టి ప్రశ్నలకు సమీక్షలో చోటు లేదు. అవి ఉద్యోగినితో ఇంటికి వచ్చును. వంట చేయుచున్నపుడు వచ్చును. నిదురపట్టని రాత్రి వచ్చును.

ఈ ప్రశ్నలకొక చోటును, ఒక వేళను ఏర్పరచుటయే పునరాలోచన గోష్ఠి. దీని పద్ధతి మిక్కిలి సులభము. ఒకే విధమైన పని చేయు ఆరుగురో ఎనమండుగురో నెలకొకమారు గంటన్నర సేపు కూడుదురు. వారిపై అధికారము లేని ఒక నిర్వాహకురాలు కూడ కూర్చుండును. ఆనాడు ఒక్కరు తమ పనిలో తమను బాధించిన యొక్క సంగతిని చెప్పుదురు. తక్కినవారు మొదట సంగతి తెలిసికొనుటకు మాత్రమే ప్రశ్నింతురు. పిమ్మట చెప్పినామె మౌనముగా వినుచుండ, తక్కినవారు ఆ సంగతి తమకెట్లు తోచినదో తమలో తాము మాటాడుకొందురు. కట్టకడపట ఆమె మరల నోరు విప్పి, వినిన వానిలో తనకు పనికివచ్చినదేదియో, రేపటి దినమున తాను వేరుగా చేయదలచినదేదియో చెప్పును. అక్కడ వినిన మాట గడప దాటరాదు. అక్కడ ఒకరిని నిందింపరాదు, తీర్పు చెప్పరాదు, చెప్పకముందే సలహా లీయరాదు.

నిర్వాహకురాలి పని కఠినమైనది. ఆమె గురువు కాదు, న్యాయాధిపతి కాదు. భారతమున యక్షుడు ధర్మరాజునకు ఉత్తరములు చెప్పలేదు, ప్రశ్నలనే వేసెను. ఆ ప్రశ్నలే ధర్మరాజు మనస్సులోని ధర్మమును వెలికి తెచ్చినవి. ఐనను యక్షునకును ఈ నిర్వాహకురాలికిని ఒక భేదము కలదు. యక్షుని మాట వినక నీరు త్రాగిన తమ్ములు నలుగురు నేలగూలిరి. ఇచ్చట ఉత్తరము తోచనివారికి ఏ దండనయు లేదు. దండన భయమున్న చోట మనుష్యులు నిజము చెప్పరు. అందువలననే ఈ గోష్ఠిలో పై యధికారి కూర్చుండరాదని నియమము.

ఒక ఉదాహరణము చెప్పెదను. నాకు తెలిసిన యొక అమ్మాయి ఇట్టి యుద్యోగమున నున్నది. ఆమె పేరును, పనిచేయు తావును చెప్పను. ఆమెయు సహోద్యోగినులు మరి నలుగురును నెలకొక ఆదివారము ఒక విశ్రాంత ఉపాధ్యాయిని యింట కూడుచున్నారు. ఒకమారు ఈ అమ్మాయి తెచ్చిన సంగతి యిది: ఒకామె ఇల్లు పూర్తియైనది, తలుపులు పెట్టినారు, దీపము వెలుగుచున్నది. ఆరు నెలలైనను ఆమె పాత కొట్టమును విడిచి రాదు. మూడుమార్లు చెప్పి విసిగి ఈ అమ్మాయి తన కాగితమున "లబ్ధిదారురాలి నిర్లక్ష్యము" అని వ్రాసినది. వ్రాసిన నాటినుండి ఆ మాట ఆమెను ముల్లువలె గ్రుచ్చుచున్నది.

ఉపాధ్యాయినిగారు ఏమియు చెప్పలేదు. సహోద్యోగినులు ప్రశ్నించిరి. నీవు ఏ వేళ పోయితివి? మధ్యాహ్నము. ఆ వేళ ఆమె యేమి చేయుచుండెను? గడ్డి కోయుచుండెను. ఎందుకు గడ్డి? ఆవు కలదు. ఆవు ఎచట కట్టబడియున్నది? పాత కొట్టము ప్రక్కన. క్రొత్త యింటికడ దానికి చోటెచట? ఈ ప్రశ్నతో గది నిశ్శబ్దమయ్యెనట. సెంటున్నర స్థలములో ఇల్లును, మరుగుదొడ్డియు పోగా ఆవు పడుకొనుటకు నేల యెచటిది? మన చిత్తూరు సీమలో పాడి యెంతటిదో మీకు తెలియును. వాన లేని యేట వేరుసెనగ ఎండిపోయినను, తెల్లవారుజామున పాల కేంద్రమునకు పోయి పోసిన పాల సొమ్ముతోనే ఎన్ని యిండ్లలోనో పొయ్యి వెలుగుచున్నది. ఆమె నిర్లక్ష్యముగా లేదు. తన యింటి అన్నపూర్ణను కాచుకొనుచున్నది.

ఆవుకు వెంటనే చోటు దొరకినదా యని మీరడుగుదురు. దొరకలేదు. కాని ఈ అమ్మాయి ఆ కాగితమున మాట మార్చి "పశువునకు స్థలము లేదు" అని వ్రాసినది. మరి పదునొకండిండ్లలో ఇదే సంగతి కలదని విచారించి ఆ లెక్కను పైకి పంపినది. ఆ స్త్రీ రెండు నెలల పిదప దగ్గరనున్న బంధువుల దొడ్డిలో ఆవును కట్టుకొని క్రొత్త యింట ప్రవేశించినది. "నిర్లక్ష్యము" అని వ్రాసినంతకాలము పై యధికారులకు చేయదగిన పని యేదియు కనబడదు. "పశువునకు స్థలము లేదు" అని వ్రాసిన పిమ్మట, ఉమ్మడి పశువుల పాక వేయవచ్చునా యను ఆలోచనకైనను దారి యేర్పడును.

ఈ పద్ధతి క్రొత్తగా పుట్టినది కాదు. ఇంగ్లండు దేశమున ఆక్టేవియా హిల్ అను మహిళ 1838లో జన్మించెను. 1865లో జాన్ రస్కిన్ ఇచ్చిన ధనముతో లండను నగరమున మెరిల్‌బన్ ప్రాంతమందలి పారడైజ్ ప్లేస్ అను సందులో మూడు ఇండ్ల భారమును వహించెను. పేరునకు స్వర్గము, వాస్తవమున మురికికూపము. ఆమె యిండ్లు బాగుచేయించి, వారమువారము తానే పోయి అద్దె తెచ్చుచు, ఆ నెపమున ఇంటివారి కష్టసుఖములు విచారించుచుండెను. మరమ్మతులకై కేటాయించిన సొమ్ములో మిగిలినదానిని ఏ బాగునకు వాడవలయునో అద్దెకుండువారినే యడుగుచుండెను. ఇండ్లు పెరిగినకొలది ఇతర స్త్రీలను చేర్చుకొని వారికి ఈ పని నేర్పెను. 1872 మొదలు 1911 వరకు తన సహోద్యోగినులకు ఏటేట ఒక లేఖ వ్రాసి, ఆ యేడు చేసిన పనిలో తాము నేర్చినదేమో విచారించెను. ఆమె 1912లో మరణించెను. అద్దె బాకీ పడినవారిపట్ల ఆమె మిక్కిలి కఠినురాలు. స్త్రీలకు వోటు హక్కు వలదని వాదించినది కూడ. ఆ కొరతలను మరువనక్కరలేదు. ఐనను ఇండ్లను చూచుట ఒక విద్య యనియు, ఆ విద్యను కూడి ఆలోచించుటచే నేర్వవలయుననియు ఆమె చేసి చూపినది.

లండనులోనే 1948 ప్రాంతమున ఈనిడ్ అను మహిళ కుటుంబ కలహములలో సాయపడు సాంఘిక సేవకులను చేర్చి ఇట్టి గోష్ఠులు నడిపెను. పిమ్మట ఆమెను వివాహమాడిన మైకేల్ బాలింట్ అను హంగేరీ వైద్యుడు ఆ పద్ధతిని వైద్యులకు విస్తరింపజేసి 1957లో ఒక గ్రంథము ప్రకటించెను. రోగమునే కాక రోగికిని తనకును నడుమ జరుగుచున్నదానిని సైతము వైద్యుడు గమనింపవలయునని దాని సారాంశము. 1983లో అమెరికాలో డొనాల్డ్ షోన్ అను పండితుడు పనిచేయువారు పనిలోనుండియే ఎట్లు ఆలోచింతురో వివరించుచు మరియొక గ్రంథము వ్రాసెను. అందలి ప్రధానోదాహరణములలో ఒకటి గృహశిల్పమునకు సంబంధించినదే: వాలు నేలపై పాఠశాలను ఎట్లమర్చవలయునో తెలియక తికమకపడు విద్యార్థినితో గురువు కూర్చుండి గీతలు గీయుచు మాటాడుట. నేల చెప్పినదానిని గీత వినవలయును, గీత చెప్పినదానిని నేల సహింపవలయును. పేదవాని యింటి విషయమునను అంతియే.

వినకపోయిన చేటు ఎంతటిదో చెప్పుటకు ఒక ఘోరమును స్మరింపక తప్పదు. 2017 జూన్ 14వ తేదీని లండనులో గ్రెన్‌ఫెల్ టవర్ అను బహుళాంతస్తుల భవనము కాలిపోయి 72 మంది మరణించిరి. గోడలకు వెలుపల అందమునకును చలికిని కప్పిన పలకలు అగ్నిని పైకి ప్రాకించినవి. ఆ భవనమున నివసించువారిలో కొందరు ప్రమాదము రానున్నదని అంతకుముందే వ్రాసి హెచ్చరించియుండిరి. నాకిది చదివినపుడు వారణావతములోని లక్కయిల్లు జ్ఞప్తికి వచ్చినది. పురోచనుడు కట్టించినది ద్రోహబుద్ధితో. ఇచ్చట అట్టి ద్రోహము కలదని చెప్పుట లేదు. కాని రెంటియందును వెలుపలి సొగసు లోపలివారి ప్రాణాంతకమయ్యెను. లక్కయిల్లు చొచ్చినంతనే ధర్మరాజు నేతి వాసనను, లక్క వాసనను పసిగట్టెను. ఇంటి దోషము ముందుగా తెలియునది ఆ యింట నుండువారికే. విదురుని వంటివాడొకడు వారి పక్షమున ఆలోచించినందుననే పాండవులు బ్రదికిరి. ఇంగ్లండులో 2023వ సంవత్సరమున చేసిన శాసనము, పేదల అద్దెయిండ్లను చూచు పై యుద్యోగులు అందులకు తగిన శిక్షణార్హత పొందవలయునను నియమమునకు దారి తీసినది. వినుట కూడ విద్యయే యని తెలిసికొనుటకు అంతమంది ప్రాణములు పోవలసివచ్చినది.

దీనిపై ఆక్షేపణలు లేకపోలేదు. ఇసుక లేనిచోట గోష్ఠి ఇసుక తెచ్చునా? బిల్లు రానిచోట బిల్లు తెచ్చునా? తేదు. ఒక్కరు చేయవలసిన పనిని ముగ్గురకు సరిపడునంత పెంచి, పిమ్మట నెలకు గంటన్నర ఓదార్పు చెప్పుట న్యాయము కాదు. ఉద్యోగినులను ఓర్పుగలవారినిగా చేసి లోపములను కప్పిపుచ్చుటకు ఈ గోష్ఠిని వాడినచో అది గోష్ఠి కాదు, మత్తుమందు. ధృతరాష్ట్రుడు నిదురపట్టక అర్ధరాత్రమున విదురుని పిలిపించి తెల్లవారువరకు నీతి వినెను. వినుటలో ఏ లోపమును లేదు. వినినదానిలో ఒక్కటియు చేయకపోవుటయే కులనాశమునకు మూలమైనది. కావున ప్రతి గోష్ఠి చివరను రెండు మాటలు తేలవలయును: నేను మార్చుకొనదగినదేది? నా చేతిలో లేనందున పైకి తెలుపవలసినదేది? రెండవదానిని వ్యక్తుల పేర్లు లేకుండ వ్రాసి యధికారులకు పంపవలయును. వారు దానికి జవాబీయవలయును.

ఆడవారు నలుగురు కూడిన చాడీలే గదా యని నవ్వువారును కలరు. చాడీకిని గోష్ఠికిని గుర్తు తెలియుట సులభము. చాడీ అక్కడ లేనివారి తప్పును వెదకును; గోష్ఠి అక్కడ నున్నవారి పనిని వెదకును.

మన ప్రాంతమున దీనికి సాధనములు లేవని యనుకొనరాదు. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లోను, శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము 1983లోను స్థాపింపబడినవి. మనస్తత్త్వమును, సాంఘిక సేవను చదివిన స్త్రీలు మన నడుమనే కలరు. వారిలో కొందరు నిర్వాహకురాండ్రుగా శిక్షణ పొందినచో ఈ పని సాగును. పొదుపు సంఘములలో చాప పరచుకొని గుండ్రముగా కూర్చుండి, వంతుచొప్పున మాటాడుట మన పల్లె స్త్రీలకు ఏండ్లుగా అలవాటే. చిత్తూరు మండలమున చిరకాలము చేరియుండిన మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారు, గురువుననుకొనక, ఉత్తరమును చేతికీయక, ప్రశ్నను నలుగురితో కలిసి పరిశీలించు సంభాషణ పద్ధతిని లోకమంతట ప్రచారము చేసిరి. విత్తనము మన నేలది కూడ, నాటుటయే కొరత.

ఇక పాఠకురాండ్రగు మనకు ఇందు పని యేమి? మీ యింట కోడలో కూతురో ఇట్టి యుద్యోగమున నున్నచో, నెలకొకనాడు ఆమెకు గంటన్నర తీరిక కల్పింపుడు. ఆ పూట పొయ్యి మరియొకరు చూచిన ఇల్లు మునుగదు. ఆమె పని సంగతి చెప్పినపుడు వెంటనే "నీవట్లు చేయవలసినది" అనక, "తరువాత ఏమైనది?" అని యడుగుడు. మీరే ఇల్లు పొందినవారైనచో, మీ కష్టమును ఉద్యోగినితో తేటగా చెప్పుడు. ఆవు కలదని, కుట్టుపని కలదని, పూలంగడికి తెల్లవారకమున్నే పోవలయునని చెప్పుడు. సిగ్గుపడి దాచిన సంగతి కాగితమున మరియొక పేరుతో వ్రాయబడును. మీరే ఉద్యోగినులైనచో, ప్రభుత్వపు ఉత్తరువుకై కాచుకొనక నలుగురు కూడుడు. మొదటి నెల ఒక్క ఇంటిని గూర్చి మాత్రమే మాటాడుకొనుడు.

ఇట్టి గోష్ఠి నడుపుచున్న సోదరీమణులెవరైన నున్నచో తమ యనుభవమును ఈ పత్రికకు వ్రాయగోరెదను. ఇంటివారి పేర్లు వ్రాయవలదు. ఏ ప్రశ్న అడిగినపుడు ఏ తలుపు తెరచుకొన్నదో వ్రాసిన చాలును.